వెళ్ళేటప్పుడు 11 గంటలు, వచ్చేటప్పుడు 32 గంటలా? అమలాపురం నుంచి డాలస్ లెక్క తేలట్లేదు

అమలాపురం_అబ్బాయి
మా అక్క డాలస్‌లో ఉంటది, జనవరిలో పురుడు. అమ్మ డిసెంబర్ రెండో వారంలో వెళ్తుంది. బావ టికెట్ వాట్సాప్‌లో పెట్టాడు, అప్పట్నుంచి ఇంట్లో నాకు మనశ్శాంతి లేదు. నాన్న బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు, అంకెలు కనిపిస్తే ఊరుకోరు. క్యాలెండర్ వెనకాల రాసిపెట్టిన లెక్క ఇదీ. హైదరాబాద్‌లో ఆదివారం రాత్రి 9:45కి ఎక్కుతుంది, దుబాయ్‌లో 12:10కి దిగుతుంది, 2:40కి మళ్ళీ ఎక్కి సోమవారం పొద్దున్న 9 గంటలకి డాలస్. అంటే పదకొండుంపావు గంటలు. ఫిబ్రవరిలో వచ్చేటప్పుడు డాలస్‌లో మంగళవారం మధ్యాహ్నం 12కి ఎక్కితే బుధవారం మధ్యాహ్నం 12:30కి దుబాయ్, అక్కడ 3:30కి ఎక్కితే రాత్రి 8:15కి హైదరాబాద్. అంటే ముప్పై రెండుంపావు. "మీ బావ వెళ్ళడానికి ఎక్స్‌ప్రెస్ కొని రావడానికి పాసింజరు కొన్నాడ్రా" అంటున్నారు.

టైం జోన్లు వేరు నాన్నా అని చెప్పా. సరే అని అది కూడా తీసేసి చూశారు, అయినా రెండు వైపులా సమానం రావట్లేదు, గాల్లో ఉండే టైమే రెండున్నర గంటలు తేడా కొడుతోంది. ఇంకోటి, నెట్‌లో హైదరాబాద్ డాలస్ మధ్య 14,400 కిలోమీటర్లు అని చూపిస్తోంది. గంటకి 900 వేసుకున్నా 16 గంటల్లో అయిపోవాలి. ఇక్కడ చూస్తే ఒక్క దుబాయ్ నుంచి డాలస్‌కే 16 గంటల 20 నిమిషాలు. ఎక్కడ పోతున్నాయండి ఈ గంటలు?

కాకినాడ_కాజా
క్యాషియర్ గారికి క్యాష్ తేడా వచ్చినట్టుంది, ఇప్పుడు రాత్రికి నిద్ర పట్టదు పాపం

కువైట్_కన్నయ్య
మీ అక్క చెప్పలేదా, ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి గడియారం టైమే టికెట్ మీద వేస్తారు. నేను మొదటిసారి కువైట్ వెళ్ళినప్పుడు మా ఆవిడ కూడా ఇలాగే, రెండున్నర గంటల్లో వెళ్ళిపోయావంట కదా, మరి అంత దూరం దూరం అని ఏడ్చావేంటి అంది.

లెక్కల_మాస్టారు
ముందు నాన్నగారి లెక్క సరిచేద్దాం. డిసెంబర్, ఫిబ్రవరి నెలల్లో డాలస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. దుబాయ్ గంటన్నర వెనక. వెళ్ళేటప్పుడు 11:15కి 11:30 కలపండి, 22 గంటల 45 నిమిషాలు. వచ్చేటప్పుడు 32:15లోంచి 11:30 తీయండి, 20 గంటల 45 నిమిషాలు. దుబాయ్‌లో కూర్చునేది వెళ్ళేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు మూడు. అది కూడా తీసేస్తే విమానంలో గడిపేది వెళ్ళేటప్పుడు 20:15, వచ్చేటప్పుడు 17:45. తేడా రెండున్నర గంటలే. నాన్నగారు ఆ తేడా కరెక్టుగానే పట్టుకున్నారు. క్యాషియరంటే అలాగుండాలి.

ఒక జాగ్రత్త. తిరుగు టికెట్ మార్చి రెండో ఆదివారం దాటితే అమెరికావాళ్ళు గడియారం గంట ముందుకి జరుపుతారు, అప్పుడు తేడా పదిన్నరే. పురుడంటున్నారు కాబట్టి అమ్మగారు ఫిబ్రవరిలో వచ్చేస్తారని నాకైతే నమ్మకం లేదు.

అమలాపురం_అబ్బాయి
ఆ మాట నాన్న ముందు అనకండి మాస్టారూ, అమ్మ లేకుండా సంక్రాంతి ఎలాగా అని ఇప్పటికే దిగాలుగా ఉన్నారు. సరే ఇంతకీ ఆ రెండున్నర గంటల సంగతేంటి? దారి ఒకటే కదా?

భీమారం_బుల్లోడు
సింపుల్ బ్రో. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. విమానం గాల్లో ఉన్నంతసేపూ కింద భూమి తిరుగుతూనే ఉంటుంది

నర్సాపురం_లేసు
అలాగైతే అమెరికా మనవైపు వచ్చేయాలి కదండి, పడమరకి వెళ్ళేవాళ్ళు తొందరగా వెళ్ళాలి. ఇక్కడ వెళ్ళేటప్పుడే ఎక్కువ పడుతోంది. మీరు చెప్పింది తిరగేసి ఉంది.

భీమారం_బుల్లోడు
అదే అదే, అంటే భూమి తిరగడం వల్లే ఏదో తేడా అని నా ఉద్దేశం

కాకినాడ_కాజా
😂😂 రొయ్యల చెరువు ఏరియేటర్ తిరగడం వల్ల భీమవరం కూడా కొంచెం జరుగుతుందేమో చూసుకో

పంటు_సరంగు
మా నాన్న లాంచీ సరంగు. నేను చదువుకున్నది ఇంటర్ దాకానే గాని ఈ విషయం నాకు తెలిసినట్టు చెప్తా, తప్పయితే మాస్టారు దిద్దండి.

గోదాట్లో లాంచీ ఎగువకి వెళ్ళడానికి పట్టే టైము దిగువకి వచ్చేటప్పుడు పట్టదు. అదే లాంచీ, అదే ఇంజను, అదే రేవు. ఏరు ఒకవైపుకే పారుతుంది కాబట్టి. పైన ఆకాశంలో కూడా అలాంటి ఏరొకటి ఉందంట, పడమర నుంచి తూర్పుకి పారుతుంది, నీళ్ళకి బదులు గాలి. అమెరికా వెళ్ళేవాడికి ఎదురు, వచ్చేవాడికి వాలు. అంతే.

ఇంకో సంగతి. ఎదురెళ్ళే సరంగు నడిమేట్లో వెళ్ళడు, ఒడ్డు పట్టుకుని వెళ్తాడు, అక్కడ వడి తక్కువ. వాలుకి వచ్చేవాడు నడిమేటికి తెచ్చి వదిలేస్తాడు, ఏరే మోసుకొస్తుంది. అందుకని వెళ్ళే దారీ వచ్చే దారీ ఒకటే కాదు. విమానం వాళ్ళు కూడా అలాగే చేస్తారని నేననుకుంటున్నా.

మధురపూడి_రన్వే
సరంగు గారూ నూటికి నూరు. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, విమానాలు తిరిగేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే. చలికాలంలో గట్టిగా ఉంటుంది, గంటకి 200 కిలోమీటర్లు మామూలే, ఒక్కోసారి 300 దాటుతుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో తూర్పుకి వచ్చే విమానాలు చాలావరకు ఆ వరుస వెతుక్కుని ఎక్కుతాయి, పడమరకి వెళ్ళేవి తప్పించుకుని ఇంకా ఉత్తరంగానో దక్షిణంగానో పోతాయి. దుబాయ్ నుంచి డాలస్ వెళ్ళేది ఇరాన్ మీదుగా పైకెక్కి ఆర్కిటిక్ వలయం అంచుదాకా వెళ్ళి గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా దిగుతుంది. వచ్చేది చాలాసార్లు అట్లాంటిక్ మీదుగా కాస్త కిందనుంచి యూరప్ దాటి వస్తుంది.

మీకు పిచ్చెక్కించే ఉదాహరణ చెప్తా. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ వైపు తిప్పింది, అంటే పడమరకి కాకుండా తూర్పుకి. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, పదహారు గంటల పైన పట్టేది. కొత్త దారి సుమారు 15,300, పద్నాలుగున్నర గంటల్లో దిగిపోయింది. 1,400 కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ముందొచ్చేసింది.

పంటు_సరంగు
అదీ! పోటు చూసి లాంచీ తీసినట్టు. మా నాన్న అంతర్వేది పక్క నుంచి పైకి రావాలంటే సముద్రం పోటు కోసం గంట ఆగేవాడు. డీజిల్ కలిసొచ్చేది. పాటు తీసేటప్పుడు బయల్దేరినవాడు ముందు కదిలినా వెనక చేరేవాడు.

భీమారం_బుల్లోడు
ఒప్పుకోను. భూమి తిరుగుడికి సంబంధమే లేకపోతే శ్రీహరికోట నుంచి చాలా రాకెట్లు తూర్పుకి ఎందుకు వదులుతారు? చెప్పండి మాస్టారూ ఇప్పుడు

లెక్కల_మాస్టారు
మంచి ప్రశ్న బాబూ, నవ్వాల్సిన పనిలేదు. శ్రీహరికోట దగ్గర నేల సెకనుకి సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకి తిరుగుతోంది. రాకెట్టు గాలిని దాటి పోవాలి, కక్ష్యలో తిరగడానికి కావలసిన వేగంలో ఆ 450 ఉచితంగా కలిసొస్తుంది. విమానం అలా కాదు, అది గాల్లో ఈదేది. గాలి భూమితో పాటే తిరుగుతోంది. నువ్వు లాంచీ డెక్కు మీద నిలబడి కొబ్బరికాయ పైకి విసిరితే నీ చేతిలోనే పడుతుంది గాని వెనకాల గోదాట్లో పడదు. నేలతో పాటు తిరిగే గాలి లెక్కలోకి రాదు. నేలకంటే ముందుకి పరిగెత్తే గాలి, అంటే మన రన్వే గారు చెప్పిన ఏరు, అదొక్కటే లెక్కలోకి వస్తుంది.

నీ మాటలో నిజం ఎక్కడుందంటే, ఆ ఏరు పుట్టడానికి కారణాల్లో భూభ్రమణం ఒకటి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ధ్రువాల వైపు పోతుంటే భూమి తిరగడం వల్ల తూర్పుకి మళ్ళుతుంది. కాబట్టి నీకు సగం మార్కులు.

భీమారం_బుల్లోడు
సగం చాలు. నేను ముందే అన్నా భూమి తిరగడం వల్లే ఏదో తేడా అని. పైన స్క్రోల్ చేసి చూసుకోండి అందరూ

కాకినాడ_కాజా
ఈ భీమారం వాళ్ళతో పందెం కాయకూడదండి, ఓడిన పుంజుని కూడా గెలిచిందంటారు

యానాం_పిల్ల
నాకో డౌటు. వెళ్ళేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా, మొత్తం మీద లాభం నష్టం లేనట్టే?

లెక్కల_మాస్టారు
లేదమ్మా, నష్టమే. 4,000 కిలోమీటర్ల దారి, విమానం వేగం 900, గాలి 100 అనుకో. ఎదురు 800తో 5 గంటలు, వాలుకి 1,000తో 4 గంటలు. మొత్తం 9. గాలే లేకపోతే 8,000 బై 900, తొమ్మిది గంటలకి ఆరేడు నిమిషాలు తక్కువ. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వాలుగాలిలో తక్కువసేపు ఉంటాం, అదీ కిటుకు.

అబ్బాయి గారి ప్రయాణానికి ఇదే వేద్దాం. హైదరాబాద్ దుబాయ్ సుమారు 2,550, దుబాయ్ డాలస్ సుమారు 12,900, మొత్తం 15,450 కిలోమీటర్లు. నెట్‌లో చూసిన 14,400 నేరుగా ఎగిరితే. మధ్యలో దుబాయ్ దిగడానికి వెయ్యి పైన ఎక్కువ. 900తో భాగిస్తే 17 గంటల 10 నిమిషాలు. రెండు విమానాలకీ రన్వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, ఎక్కడం, దిగడం కలిపి ఇంకో గంట వేసుకోండి, 18:10. టికెట్ ఏమంటోంది, వెళ్ళేటప్పుడు 20:15, వచ్చేటప్పుడు 17:45. గాలి రెండు గంటలు తీసుకుని పాతిక నిమిషాలు తిరిగిచ్చింది.

కాకినాడ_కాజా
మా ఊళ్ళో చిట్టీలు కూడా ఇలాగే నడుస్తాయి

రావులపాలెం_రాజు
అందరూ గాలి గురించి మాట్లాడతారు, రోడ్డు గురించి ఎవరూ మాట్లాడరు. అమలాపురం నుంచి శంషాబాద్ రాత్రి బస్సు పది గంటలు. దుబాయ్ నాలుగు గంటలు. మా పిన్నిని దింపడానికి వెళ్ళినప్పుడు సూర్యాపేట దగ్గర టీ తాగుతుంటే ఆవిడ అడిగింది, ఇదేనేంట్రా సగం దారి అని. నేను ఇంకా మొదలే అవలేదు పిన్నీ అన్నా.

మధురపూడి_రన్వే
అందుకే మధురపూడి, అదే మన రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి వెళ్ళమని నేను మొత్తుకుంటా. గాల్లో లెక్కేస్తే రాజమండ్రి హైదరాబాద్ 360 కిలోమీటర్లే. ఏటీఆర్ అంటే రెక్కలకి పంఖాలున్న చిన్న విమానం, గంటకి 500 లోపే పోతుంది, అయినా గంటా గంటుంపావులో దింపేస్తుంది. 2024 డిసెంబర్ నుంచి ఢిల్లీకి, ముంబైకి కూడా డైరెక్ట్ ఉంది. మీ అమలాపురం నుంచి మధురపూడి రావడానికే విమానంలో కూర్చునే దానికంటే ఎక్కువ పడుతుంది, అది వేరే సంగతి.

రావులపాలెం_రాజు
ఒకే టికెట్ మీద లేకపోతే మాత్రం వద్దు. పొగమంచు రోజుల్లో పొద్దున్న విమానం ఆలస్యమైందంటే అక్కడ పెద్ద విమానం వెళ్ళిపోతుంది, ఎవడూ డబ్బులివ్వడు. డిసెంబర్ అంటున్నారు. నాకు ఒకసారి అయింది, పేర్లెందుకు గాని రెండు కంపెనీలూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకున్నారు. బస్సే నయం.

నర్సాపురం_లేసు
నాకు అర్థం కానిది ఒకటుంది. మ్యాప్ చూస్తే డాలస్ పడమర వైపు ఎక్కడో అడ్డంగా ఉంది. దుబాయ్ నుంచి తిన్నగా ఆఫ్రికా పైనుంచి అట్లాంటిక్ దాటితే సరిపోదా? గ్రీన్‌లాండ్ దాకా పైకెళ్ళి కిందకి దిగడం చుట్టుదారి కాదా? మా నర్సాపురం సఖినేటిపల్లి లాగ. రేవులో నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటది, పంటు ఆగిపోయిన రోజు చించినాడ వంతెన చుట్టూ తిరిగి పాతిక ముప్పై కిలోమీటర్లు పోవాలి.

లెక్కల_మాస్టారు
మీ ఊరివాళ్ళ చేతిలోనే జవాబుందమ్మా. లేసు దారం తీసుకోండి. ఒక పంపరపనస కాయ తెప్పించండి, మన కోనసీమలో కరువేం కాదు. తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. ఒకవైపు నడుముకి కొంచెం పైగా హైదరాబాద్ చుక్క, సరిగ్గా అవతలివైపు డాలస్ చుక్క. దారం రెండు చుక్కల మధ్యా బిగించి లాగండి. అడ్డంగా నడుం చుట్టూ ఉంటుందో, తొడిమ పక్కనుంచి పోతుందో చూడండి.

గోడకి తగిలించే మ్యాపు కాయ తొక్క ఒలిచి బల్ల మీద సాగదీసి పరిచినట్టు. పైన ఉన్నవి సాగిపోతాయి. ఆ మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు.

నర్సాపురం_లేసు
చేశానండి. పంపరపనస దొరకలేదు, బత్తాయితో చేశా. దారం తొడిమని దాదాపు ముట్టుకునే పోయింది. మా అత్తగారు చూసి బత్తాయికి దిష్టి తీస్తున్నావా అన్నారు.

మధురపూడి_రన్వే
హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా గీస్తే ఆ గీత ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల పక్కనుంచి పోతుంది. నేను వేసి చూశా. అలాంటి ఫ్లైట్లు నిజంగానే ఉన్నాయి, 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ధ్రువం మీదుగా వచ్చింది, కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్ళే, దాదాపు 14,000 కిలోమీటర్లు. అదే నెలలో హైదరాబాద్ చికాగో డైరెక్ట్ కూడా మొదలెట్టారు, 13,300 కిలోమీటర్లు, కొన్నాళ్ళు నడిచి ఆగిపోయింది.

లెక్కల_మాస్టారు
అసలు సంగతి హైదరాబాద్‌ది కాదు రన్వే గారూ, మనదే. నిన్న రాత్రి అట్లాసు తీసి చూస్తుంటే నాకే ఒళ్ళు జలదరించింది. అమలాపురం సరిగ్గా 82 డిగ్రీల తూర్పు రేఖాంశం. కాకినాడ 82 దాటి పావు. డాలస్ విమానాశ్రయం 97 డిగ్రీల పడమర. కలపండి, 179. మొత్తం గుండ్రంలో సగం 180. అంటే మన రేఖాంశమే ఉత్తర ధ్రువం దాటి అవతల కిందకి దిగితే డాలస్ పక్కనుంచి పోతుంది. అబ్బాయి గారు రాత్రి ఇంటి ముందు నిలబడి ధ్రువ నక్షత్రం కేసి చూస్తే, ముక్కుకి సూటిగా అదే దిక్కున వాళ్ళక్క ఇల్లు. పడమర కాదు, నిఖార్సయిన ఉత్తరం. దూరం 14,500 కిలోమీటర్లు.

ఇంకోటి. భారత ప్రామాణిక కాలం లెక్కించే 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది, చిన్నప్పుడు అందరం బట్టీ పట్టిందే. కాబట్టి మన గడియారం, మన సూర్యుడు దాదాపు ఒక్కటే. మనకి నడినెత్తిన సూర్యుడుంటే డాలస్‌లో నట్టనడి రాత్రి. సూర్యుడి ప్రకారం పన్నెండు గంటల తేడా. గడియారంలో పదకొండున్నరే ఎందుకంటే వాళ్ళు 90 డిగ్రీల పడమర రేఖ టైము వాడతారు.

కాకినాడ_కాజా
ఉత్తరం కుబేరుడి దిక్కు అని వాస్తులో ఊరికే చెప్పారా మరి, డాలర్లన్నీ అక్కడే ఉన్నాయి. దేశం మొత్తం మా కాకినాడ టైం మీద నడుస్తుందని కూడా గమనించగలరు.

అమలాపురం_అబ్బాయి
మాస్టారూ ఇది చదివి నాన్నకి వినిపించా. ఆయన చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్ళి ఉత్తరం కేసి ఐదు నిమిషాలు నిలబడ్డారు. కొబ్బరి చెట్లు అడ్డం, నక్షత్రం కనపళ్ళేదంట.

లెక్కల_మాస్టారు
మన దగ్గర అది పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుందండి, ఏ ఊరి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడు అంత ఎత్తు. డాబా ఎక్కమనండి.

యానాం_పిల్ల
అంత సూటిగా ఉంటే డైరెక్ట్ ఫ్లైట్ వేయొచ్చు కదా, దుబాయ్ ఎందుకు మధ్యలో

డాలస్_బాబాయ్
డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉంటా, సొంతూరు రావులపాలెం దగ్గరే. ఏడెనిమిది సార్లు తిరిగా కాబట్టి చెప్తున్నా. వేయగలిగే విమానాలు లేకపోలేదు, సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 పైచిలుకు కిలోమీటర్లు ఒకే దెబ్బలో పంతొమ్మిది గంటలకి కాస్త తక్కువలో వెళ్తున్నారు. గొడవంతా ఇంధనం. పెద్ద బోయింగ్ 777 విమానం ట్యాంకులు నిండితే లక్షా ఎనభై వేల లీటర్లు. దూరం పెరిగేకొద్దీ ఆయిల్ మొయ్యడానికి ఆయిల్ కావాలి, జనాన్నీ సామాన్నీ తగ్గించాలి. ఆ పైన రష్యా గగనతలం సంగతుంది, 2022 నుంచి అమెరికా కంపెనీలు అటు పోలేవు. దుబాయ్, దోహా వాళ్ళకి పది ఊళ్ళ జనాన్ని ఒకచోట పోగేసి నింపుకోవడం సులువు. రావులపాలెం సెంటర్ లాగ, అందరూ అక్కడ బస్సు మారాల్సిందే.

అమ్మగారికి సీటు నడవా పక్కన తీసుకోండి, గంటకోసారి లేచి నడవమనండి, లేకపోతే కాళ్ళు వాస్తాయి. మోకాళ్ళ నెప్పులుంటే టికెట్‌లో వీల్‌ఛైర్ పెట్టించండి.

రావులపాలెం_రాజు
నెప్పులు లేకపోయినా పెట్టించండి. ఇంగ్లీషు రాదు, దుబాయ్‌లో గేటు ఎక్కడో పావుగంట నడవాలి, వీల్‌ఛైర్ తోసేవాడే గేటు దాకా తీసుకెళ్తాడు.

డాలస్_బాబాయ్
రాజు గారూ అక్కడే నేనొప్పుకోను. దిట్టంగా నడిచే వాళ్ళందరూ కుర్చీలెక్కేసి నిజంగా నడవలేని ముసలాయన్ని గంట కూర్చోబెట్టడం నా కళ్ళారా చూశా. ఇంగ్లీషు రాకపోతే కాగితం మీద విమానం నంబరు, గేటు ప్రశ్న రాసివ్వండి, ఎవరికి చూపించినా చెప్తారు. తెలుగువాళ్ళు కూడా ఎలాగూ ఉంటారు ఆ ఫ్లైట్‌లో.

రావులపాలెం_రాజు
మీ అమ్మగారయితే తెలుస్తుంది లెండి

కువైట్_కన్నయ్య
గొడవపడకండి. నా అనుభవం ఒకటి చెప్తా, గాలి గురించి. పధ్నాలుగేళ్ళుగా తిరుగుతున్నా. చలికాలంలో హైదరాబాద్ నుంచి కువైట్ ఐదు గంటల పైన పడుతుంది, పండక్కి వచ్చేటప్పుడు నాలుగున్నరకే దింపేస్తాడు. ఇంటికొచ్చే సంతోషానికి అలా అనిపిస్తుందేమో అనుకునేవాణ్ణి. కాని ఒకసారి మా నాన్నకి బాగోలేదని ఆగస్టులో వచ్చి వెళ్ళా, అప్పుడు రెండు వైపులా పెద్ద తేడా లేదు. మరి ఏరు ఎండిపోయిందా వానాకాలంలో?

మధురపూడి_రన్వే
సూపర్ పట్టుకున్నారు కన్నయ్య గారూ. వానాకాలంలో పడమటి జెట్ హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. మన నెత్తి మీద జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంకో ఏరు తిరగబడి పారుతుంది, తూర్పు నుంచి పడమరకి. దాని గురించి 1958లో పేపర్ రాసినాయన మన తెలుగాయనే, పి. కోటేశ్వరం గారు, తర్వాత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు. అది ఇంకాస్త ఎత్తులో ఉంటుంది గాని విమానం ఎగిరే ఎత్తులో కూడా ఆ గాలి కొంత తగులుతుంది. ఆగస్టులో కువైట్ వెళ్తుంటే అది వెనకనుంచి తోస్తుంది.

పంటు_సరంగు
అంటే ఆకాశంలో కూడా వరద గోదారి వేరు, వేసవి గోదారి వేరు అన్నమాట

కువైట్_కన్నయ్య
నాన్న అప్పుడే పోయారు. ఆ ప్రయాణంలో టైము ఎంత పట్టిందో ఎందుకు గుర్తుందంటే వాచీ చూస్తూనే కూర్చున్నా.

లెక్కల_మాస్టారు
అబ్బాయి గారూ, అమ్మగారికి ఒక మాట ముందే చెప్పి పంపండి. దుబాయ్‌లో తెల్లవారుజామున 2:40కి ఎక్కుతారు. విమానం పడమరకి, ఉత్తరానికి పోతుంటుంది, వెనకాల నుంచి తెల్లవారుతూ వస్తుంటుంది, ఈవిడ ముందు పోతూ ఉంటారు. డిసెంబర్‌లో ఆ ఉత్తరాన అసలే పగలు తక్కువ. డాలస్ దగ్గరపడే దాకా చీకటే. నిద్రలేచి బయటికి చూసి కంగారు పడకుండా ఉంటారు.

అమలాపురం_అబ్బాయి
చెప్తానండి. పెట్టెలు సర్దడం అయింది, 23 కిలోలవి రెండు. ఒకటి మొత్తం ఆత్రేయపురం పూతరేకులు, కాయం, సున్నుండలు, ఆవకాయ. రెండోదాంట్లో బట్టలున్నాయని అమ్మ అంటోంది, నాకు నమ్మకం లేదు.

కాకినాడ_కాజా
గొట్టం కాజా లేదా??

అమలాపురం_అబ్బాయి
అప్‌డేట్. అమ్మ దిగింది. టికెట్‌లో 16:20 అని ఉంది గాని 15 గంటల 50 నిమిషాలకే వెళ్ళిపోయిందంట, అరగంట ముందు. నాన్న వెంటనే "చూశావా, వాళ్ళే ఎక్కువ వేసి రాసుకుంటారు, చెప్పిన టైముకి వచ్చామనిపించుకోడానికి" అన్నారు.

మధురపూడి_రన్వే
నాన్నగారు మళ్ళీ కరెక్ట్. గేటు నుంచి గేటు దాకా వేసే టైములో కంపెనీలు కొంచెం ఊపిరాడేలా పెట్టుకుంటాయి. ఆ రోజు ఎదురుగాలి కూడా మెత్తగా ఉండుంటుంది.

అమలాపురం_అబ్బాయి
మాస్టారు చెప్పిందే అయింది. పక్కసీట్లో తణుకు ఆవిడంట, ఇద్దరూ మూడుసార్లు పడుకుని లేచారంట, కిటికీ తీస్తే చీకటే. చివరికి అమ్మ ఆవిణ్ణి అడిగిందంట, "ఏవండీ, వీళ్ళు మనల్ని తిప్పిన చోటే తిప్పుతున్నారా ఏంటి, తెల్లారదేంటి" అని. దిగేముందు ఎర్రగా సూర్యుడొస్తే ఇద్దరూ దణ్ణం పెట్టుకున్నారంట.

ఇప్పుడు నాన్నకి కొత్త డౌటొచ్చింది, పొద్దున్నుంచి పంచాంగం ముందేసుకుని కూర్చున్నారు. వచ్చేటప్పుడు మంగళవారం మధ్యాహ్నం ఎక్కితే బుధవారం మధ్యాహ్నానికి దుబాయ్ అంటున్నారు, గాల్లో ఉండేది పద్నాలుగున్నర గంటలే, మిగతా పది గంటలు మధ్యలో మింగేస్తారు కదా, అమ్మ ఏకాదశి ఉపవాసం ఉంటది, ఆ మింగేసిన దాంట్లో ఏకాదశి పడితే ఏ ఊరి తిథి పట్టుకోవాలి అని.

లెక్కల_మాస్టారు
ఇది నా సబ్జెక్టు కాదు

కాకినాడ_కాజా
సరంగు గారూ, మీవైపు వచ్చింది చూడండి

పంటు_సరంగు
మా అమ్మయితే లాంచీలో ఉన్నప్పుడు ఎక్కిన రేవు తిథే పట్టుకునేది. ఫలహారం మాత్రం దిగిన రేవులోనే చేసేది.